వేగిరపడు చర్యలు - నిదానించు చర్యలు

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణముగా మలక్‌పేట యను పేట గలదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మాలిక్ యాకూబు పేరిట దానికా పేరు వచ్చెనని చెప్పుదురు. అచ్చటి వ్యవసాయపు మార్కెట్టును జనులు గంజ్ అని పిలుతురు. తెల్లవారకముందే అచ్చట లారీలు వచ్చి నిలుచును. కర్నూలు ప్రాంతమునుండియు మహారాష్ట్రమునుండియు ఉల్లిగడ్డలు వచ్చును. గోనెసంచులలో ఎండుమిరపకాయలు వచ్చును. హమాలీలు బస్తాలను వీపుపై మోసి దించుచుందురు. మిరపవైపు పోయినవారికి తుమ్ములు తప్పవు. ఉల్లివైపు పోయినవారికి మాత్రము ఏమియు కాదు. కొండవలె పోసిన ఉల్లిరాశి ప్రక్కన ఒక జాము కూర్చున్నను కంట నీటిచుక్క రాదు. కాని ఆ రాశిలోనుండి ఒక్క గడ్డను తెచ్చి కత్తిపీటపై కోసిన, అర నిమిషములో కండ్లు మండి నీరు కారును.

ఇందొక ప్రశ్న దాగియున్నది. కంటిని మండించు పదార్థము కత్తిలో లేదు. అది ఉల్లిగడ్డనుండియే రావలెను. అటులైన నెలల తరబడి నిద్రించుచుండిన ఆ గడ్డ ఒక్క కోతతో ఏల మేలుకొన్నది?

ఉల్లిగడ్డ పొరలన్నియు కంటికి కనబడని చిన్న చిన్న కణములతో కట్టబడినవి. ఒక్కొక్క కణము ఒక చిన్న యిల్లు వంటిది, దానిలో గదులున్నవి. ఒక గదిలో గంధకముతో కూడిన ఒక పదార్థమున్నది. వేరొక గదిలో ఎంజైము అను పదార్థమున్నది. నడుమ పలుచని గోడ యుండుటచే ఈ రెండును కలిసికొనవు. కత్తి దిగినప్పుడు గోడలు తెగును, రెండును కలియును. అప్పుడు గంధకపు పదార్థము విరిగి క్రొత్త పదార్థముగా మారును. ఆ మార్పునకు రెండవ ఎంజైమొకటి తోడుపడునని జపాను శాస్త్రజ్ఞులు 2002వ సంవత్సరమున కనుగొనిరి. తుదకు పుట్టునది ఆవిరివలె గాలిలోనికి లేచి, కంటి తడిలో కరగి, అచ్చటి నరములను రేపును. కన్ను తన్ను తాను కడిగికొనుటకు నీరు కార్చును. ఇంటిలో తల్లి ఏడ్చుట చూచి పసిబిడ్డ బెదరుట ఇందువలననే.

ఒక పదార్థము మారి వేరొక పదార్థమగుటను రసాయనిక చర్య యందురు. ఇనుము త్రుప్పు పట్టుట, పాలు పులియుట, కట్టె మండుట, తిన్న అన్నము జీర్ణమగుట అన్నియు రసాయనిక చర్యలే. వీనిలో కొన్ని రెప్పపాటులో ముగియును. తుపాకిమందు పేలుట అట్టిది. కొన్ని సంవత్సరములు పట్టును. చార్మినారు చెంత పాత యిండ్ల కిటికీలలోని ఇనుప ఊచలు త్రుప్పుపట్టి సన్నబడుట అట్టిది. అయినను ఏ చర్య వేగమును విధి వ్రాసిన వ్రాతవలె మారనిది కాదు. పరిస్థితులను మార్చిన వేగమును మారును. ఆ పరిస్థితు లెట్టివో తెలిసికొనుటయే మన పని.

అన్నిటికి మూలమైన మాట యొకటి చెప్పెదను. పదార్థములన్నియు అణువులతో ఏర్పడినవి. రెండు పదార్థములు చర్య పొందవలెనన్న వాని అణువులు ఒకదానినొకటి తాకవలెను. ఉల్లిలోని గోడ చేసిన మేలు అదియే, అది తాకనీయలేదు. కాని తాకుట మాత్రము చాలదు. తగినంత బలముతో తాకవలెను. బండి కనుమ దాటవలెనన్న ముందుగా ఎగువకు ఎక్కవలెను గదా. ఎద్దులకు ఆ బలము లేనిచో బండి సగము దూరమెక్కి వెనుకకు జారును. అట్లే అణువులకును ఒక ఎత్తు అడ్డముగా నుండును. దానిని దాటగల శక్తి గల అణువులు మాత్రమే మార్పు చెందును. మిగిలినవి తాకి తొలగిపోవును. స్వీడను దేశీయుడైన ఆరీనియసు 1889వ సంవత్సరమున ఈ భావమును శాస్త్రమున నిలిపెను.

ఇప్పుడు వేడిని గూర్చి చూతము. దోసెలకు రుబ్బిన పిండి వేసవిలో ఒక రాత్రిలోనే పొంగి గిన్నె అంచు దాటును. అదే పిండి పుష్యమాసపు చలిలో మరునాటి మధ్యాహ్నమునకైనను సరిగా పులియదు. పెక్కు చర్యలకు పది డిగ్రీల వేడి పెరిగినచో వేగము ఇంచుమించు రెట్టింపగునని ఒక మోటు లెక్క కలదు. ఇది ఖచ్చితమైన నియమము కాదు, కాని వంటింటిలో చాలవరకు పనికివచ్చును.

ఇచ్చట ఒక చిక్కున్నది. వేడి చేసినచో అణువులు వడిగా కదలి తరచుగా తాకును, అందుచే చర్య వేగవంతమగునని పలువురు చెప్పి ఊరకుందురు. లెక్క కట్టి చూడుడు. 27 డిగ్రీలనుండి 37 డిగ్రీలకు వేడి పెంచినప్పుడు వాయువులోని అణువుల సగటు వేగము నూటికి రెండు పాళ్లయినను పెరుగదు. నూటికి రెండు పాళ్లు పెరిగిన కదలికతో చర్య రెట్టింపెట్లగును? జవాబు ఆ కనుమలోనే యున్నది. అణువులన్నియు ఒకే వేగముతో పోవు. కొన్ని మందముగాను, కొన్ని మిక్కిలి వడిగాను పోవుచుండును. కనుమ దాటగలవి ఆ వడిగల కొద్దివే. వేడి స్వల్పముగా పెరిగినను ఆ కొద్దివాని సంఖ్య మాత్రము ఎన్నో పాళ్లు పెరుగును. సగటు కొంచెమే కదలినను అంచున గొప్ప మార్పు వచ్చును. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి వేడిని ఇక తేలికగా చూడడు.

ఉల్లిగడ్డను చల్లని నీటిలో గాని శీతలపు పెట్టెలో గాని కొంతసేపుంచి కోసిన, కండ్లు తక్కువగా మండును. ఎంజైము పని మందగించుటయు, ఆవిరి తక్కువగా లేచుటయు అందుకు కారణములు. మరి ఉడికిన ఉల్లిని కోసినచో? అసలే మండవు. వేడి ఎక్కువైనచో చర్య ఇంకను వేగపడవలెను గదా యని మీరడుగవచ్చును. ఎంజైములు వట్టి రాళ్లవంటివి కావు. అవి మాంసకృత్తులు. గ్రుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడినట్లు, అతి వేడికి వాని రూపు చెడును. రూపు చెడిన ఎంజైము, పండ్లు అరిగిన తాళపుచెవివలె, పనికిరాదు. కాబట్టి ఎంజైములతో సాగు చర్యలు వేడితో కొంతవరకు త్వరపడి, అటుపై హఠాత్తుగా నిలిచిపోవును.

గంజ్‌లోని వర్తకులు ఉల్లిరాశిని పోయునప్పుడు గాలి ఆడునట్లు చూచుకొందురు. కోసి తెచ్చినను ఉల్లిగడ్డ ప్రాణముతోనే యుండును, ఊపిరి పీల్చుచుండును. ఆ ఊపిరిలో చక్కెరలు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కొంత వేడి పుట్టును. గాలి తగిలినచో ఆ వేడి తరలిపోవును. ఎత్తైన రాశి నడుమ గాలి ఆడనిచో వేడి అచ్చటనే నిలుచును. వేడివలన ఊపిరి హెచ్చును. ఊపిరివలన వేడి ఇంకను హెచ్చును. తడి తోడైనచో కుళ్లు పుట్టును. రైతు అప్పుచేసి పండించిన పంట రెండు దినములలో ఎరువుకుప్పకు పోవును. తడిసిన గడ్డివాము లోలోపల వేడెక్కి, ఎవ్వరును నిప్పు పెట్టకయే అంటుకొనుట కొందరు రైతులెరిగిన సంగతియే. చర్య వేడిని పుట్టించుట, వేడి చర్యను త్వరపెట్టుట అను ఈ గొలుసును జ్ఞాపకముంచుకొనుడు. దీని ప్రసంగము మరల వచ్చును.

మిరపవైపు పోదము. క్రొత్త మిరపకాయ ఎరుపు కన్నుల పండువుగా నుండును. ఏడాది తిరుగునప్పటికి అది వెలవెలబోవును. ఆ ఎరుపునిచ్చు రంగుపదార్థములు గాలి, వెలుతురు, వేడిమి తగిలి మెల్లమెల్లగా చెడుటయే అందుకు హేతువు. రంగు తగ్గిన కాయకు ధర తగ్గును. అందుచేతనే గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతములలో మిరపబస్తాలను దాచుటకు శీతల గిడ్డంగులు వెలసినవి. ధర వచ్చువరకు చర్యను నిదానింపజేయుటకు రైతు అద్దె చెల్లించుచున్నాడన్న మాట.

కారము కొట్టించిన పిమ్మట ఆ రంగు ఇంకను త్వరగా వెలయును. మన అమ్మమ్మలు ఏడాదికి సరిపడు మిరపకాయలను కాయలుగా దాచి, కొంచెము కొంచెముగా దంపించుకొనుట ఊరక కాదు. ఒక సెంటీమీటరు ప్రక్కలు గల ఘనమును తీసికొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ప్రక్కలు గల ముక్కలుగా కోసిన వేయి ముక్కలగును. వాని వైశాల్యము మొత్తము 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థమంతయే, గాలికి చూపు ముఖము మాత్రము పదిరెట్లు. ఇంకను మెత్తగా పొడిచేసిన ఇంకెన్నియో రెట్లు. దుంగకు అగ్గిపుల్ల గీచి పెట్టిన అంటుకొనదు, రంపపు పొట్టు అంటుకొనును. పిండిమరలలో గాలినిండ నిలిచిన పిండిధూళికి నిప్పురవ్వ తగిలి, మర మరంతయు పేలిపోయిన సందర్భములు లోకమున పెక్కు కలవు. మొద్దు కత్తితో ఉల్లిని నలుగగొట్టినవానికి కన్నీరెక్కువ, పదునైన కత్తితో కోసినవానికి తక్కువ. మొద్దు కత్తి ఎక్కువ కణములను చిదుముటయే అందుకు కారణము.

చర్య పొందు పదార్థము చిక్కగా నున్నప్పుడు అణువుల తాకుడు హెచ్చి వేగమును హెచ్చును. గాలిలో అయిదింట ఒక వంతు మాత్రమే ప్రాణవాయువు. ఆరిపోవుచు కనకనలాడు పుల్లను వట్టి ప్రాణవాయువు నింపిన జాడీలో దించిన భగ్గున మండును. కంసాలి కొలిమి ఊదుటలోని మర్మమును ఇట్టిదే: బొగ్గునకు క్రొత్త గాలి ఎడతెగక అందించుట.

ఇక మిగిలినది చర్యలకు తోడుపడు పదార్థముల కథ. పాఠశాలలో ఒక ప్రయోగము చేయవచ్చును. గాయములు కడుగుటకు మందులషాపులో అమ్ము పలుచని హైడ్రొజన్ పెరాక్సైడును ఉపాధ్యాయుని యెదుట ఒక గాజు గొట్టములో పోయుడు. అది నిశ్చలముగా నుండును. అందొక పచ్చి ఆలుగడ్డ ముక్కను వేయుడు. వెంటనే నురుగు పొంగును. ఆలుగడ్డలోని ఎంజైము పెరాక్సైడును నీరుగాను ప్రాణవాయువుగాను విడగొట్టుచున్నది. ఉడికిన ముక్క వేసిన నురుగు రాదు. ఏలనో మీకిదివరకే తెలిసినది. ఇట్లు చర్యను త్వరపెట్టి, తాను మాత్రము తుదివరకు వ్యయము కాక నిలుచు పదార్థమును ఉత్ప్రేరకమందురు. బెర్జీలియసు అను స్వీడను రసాయనికుడు 1835వ సంవత్సరమున దీనికి శాస్త్రనామము పెట్టెను. ఉత్ప్రేరకము బండికి బలమునీయదు. కనుమకు ప్రక్కగా తక్కువ ఎత్తుగల మరియొక త్రోవ చూపును.

ఒక చర్య వేగమును గమనించుటవలననే గొప్ప సత్యము బయటపడిన కథ యొకటి కలదు. అది మన తెలుగువాని కథ. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించి, మదరాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. పొట్టగడుచుటకు ఆసుపత్రిలో రాత్రిపూట పనులు చేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో పరిశోధన సాగించిరి. దేహద్రవములలో భాస్వరమెంత యున్నదో కొలుచు ఒక పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ద్రవములో ఆమ్లమును, మాలిబ్డినము అను లోహపు లవణమును, వేరొక మందును కలిపినచో నీలిరంగు పుట్టును. ఎంత భాస్వరము ఫాస్ఫేటు రూపమున నుండునో అంత చిక్కగా నీలిమ కనబడును. ఆ పద్ధతి నేటికిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా ప్రయోగశాలలలో పేరొందినది.

కండరములనుండి తీసిన ద్రవమును ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు ఒక వింత తోచెను. మామూలు ఫాస్ఫేటు ద్రవములలో నీలిరంగు కొద్ది నిమిషములలో పూర్తిగా తేలి నిలుచును. కండరపు ద్రవములో మాత్రము అది వెంటనే తేలక, మెల్లమెల్లగా ముదురుచునే యుండెను. ఇట్టి సందర్భమున తొందరపాటుగలవాడు మందు చెడినదనియో, గొట్టము మురికిగా నున్నదనియో తలచి పారబోసి మరల మొదలుపెట్టును. వారట్లు చేయలేదు. రంగు ఆలస్యమగుటకు కారణమేమని ఆలోచించిరి. మొదట ఆ ద్రవములో ఫాస్ఫేటు విడిగా కొంతయే యుండి, మిగిలినది మరియొక పదార్థమున బంధింపబడి యుండవలెను. ఆ బంధము పరీక్షించు గొట్టములోనే మెల్లగా విడిపోవుచుండవలెను. నిజమునకు అట్లే యుండెను. ఆమ్లము దానిని విడగొట్టుచుండగా, రంగుకై వేసిన మాలిబ్డినపు లవణమే ఆ విడిపోవుటను త్వరపెట్టుచుండెను. కొలుచుటకు వాడిన సాధనమే కొలువబడు వస్తువును మార్చుచుండెనన్న మాట. ఆ దాగిన పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. ఆ సంగతిని 1927లో వారు లోకమునకు తెలిపిరి. ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును ఆ సంవత్సరమే వేరుగా దానిని గుర్తించిరి. మనము పరుగెత్తునప్పుడు కండరములకు క్షణములో శక్తి నందించు నిలువ అదియే. పరుగున అది తరుగును, విశ్రమించినచో మరల నిండును.

పైన జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన గొలుసును ఇప్పుడు మరల చేతబట్టుదము. దానిని గూర్చి వ్రాయుటకు కలము వెనుకాడుచున్నది, కాని విద్యార్థులు తెలిసికొనక తప్పదు.

విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమను ఊర ఎల్.జి. పాలిమర్స్ అను కర్మాగారముండెను. అచ్చట స్టైరీను అను ద్రవముతో పాలిస్టైరీను అను ప్లాస్టిక్కు చేయుచుండిరి. స్టైరీను అణువులు తమంతట తామే ఒకదానితో నొకటి చేయి కలిపి పొడవైన గొలుసులగు స్వభావము గలవి. అట్లు కలియునప్పుడు వేడి పుట్టును. అందుచే దానిని నిలువచేయువారు రెండు జాగ్రత్తలు తీసికొందురు. మొదటిది, ఎల్లప్పుడు చల్లగా నుంచుట. రెండవది, నిరోధకమను పదార్థమును పదిలక్షల పాళ్లకు పది, పదునైదు పాళ్లు మాత్రమే కలుపుట. నిరోధకము ఉత్ప్రేరకమునకు ప్రతికూలము: అణువుల గొలుసు మొదలగుచోటనే దానిని త్రుంచివేయును. అయితే ఆ పనిలో తానును వ్యయమగుచుండును. కావున అప్పుడప్పుడు పరీక్షించి మరల కలుపుచుండవలెను.

2020 మార్చి చివర కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు, పనులు నిలిచినవి. కర్మాగారము ఆగినది, గాని పెద్ద తొట్టిలోని స్టైరీను ఆగలేదు. వేసవి ముదిరెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము ఆ సంవత్సరము జూలైలో నివేదిక సమర్పించెను. తొట్టిలో నిరోధకము చాలినంత లేదనియు, చల్లదనము అంతట సరిగా ప్రసరింపలేదనియు, వేడిని కొలుచు సాధనము తొట్టి అడుగుననే యుండుటచే పై పొరల వేడి తెలియలేదనియు ఆ సంఘము కనుగొనెను. అడుగున చల్లగా నున్నదని సాధనము చెప్పుచుండగా పైన గొలుసులు కట్టుట సాగుచునే యుండెను. వేడి చర్యను పెంచెను, చర్య వేడిని పెంచెను. ఉల్లిరాశి నడుమ జరుగునదియే ఇది. కాని రాశి కుళ్లిన ఒక రైతు నష్టపోవును. ఇచ్చట తొట్టిలోని ద్రవము మరగి ఆవిరియై మే 7వ తేదీ తెల్లవారుజామున మూడుగంటల ప్రాంతమున ఊరిమీదికి వ్యాపించెను. జనులు నిద్రలో నుండిరి. మేలుకొన్నవారు చీకటిలో పరుగులెత్తి దారిలోనే కూలిపోయిరి. పండ్రెండుగురు ప్రాణములు కోల్పోయిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులు కట్టుకొయ్యల చెంతనే చచ్చిపడినవి.

వచ్చిన నిపుణులు మొదట చేసినపని యేమి? తొట్టిని చల్లార్చుట, నిరోధకమును తెప్పించి కలుపుట. గుజరాతునుండి విమానమున ఆ నిరోధకము వచ్చెను. తొట్టిలో వేడి దిగుటకు దినములు పట్టెను. చెడక మిగిలిన స్టైరీనును తరువాత ఓడలలో నింపి దక్షిణకొరియాకు పంపివేసిరి. చల్లగా నుంచబడి, నిరోధకము తగుపాళ్లలో కలుపబడిన ఆ ద్రవము సముద్రముపై వేల మైళ్లు నిమ్మళముగా ప్రయాణము చేసెను.